చక్రవడ్డీ గుద్దులు

మా మేనత్తను ఇచ్చింది బోధన్ దగ్గరి హున్సాకు. చిన్నప్పుడు హోలీ వస్తే బాపు మా అన్నదమ్ములిద్దరినీ లూనా మీద ఎక్కించుకుని గోదావరి దాటించేవాడు. రంగులు మహారాష్ట్రలోని మా ధర్మాబాద్‌లోనూ చల్లుకుంటారు, వాటి కోసం రాష్ట్రం దాటి పోనక్కర్లేదు. మేం పోయేది సాయంత్రం జరిగే పిడిగుద్దులాట చూడటానికి.

ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెబుతాను. పగలు కుస్తీలు నడుస్తాయి. కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి వెండి కడెం కుస్తీతో ముగిస్తారు. పొద్దు వాలాక ఊరి నడుమ పొడవాటి తాడు కడతారు. మగవాళ్లు రెండు జట్లయి తాడుకు అటూ ఇటూ నిలబడతారు. ఒక చెయ్యి తాడు మీద ఉండాలి, రెండో చేత్తో ఎదుటివాణ్ణి గుద్దాలి. కాసేపటికి ఆట ఆపుతారు. అప్పటిదాకా గుద్దుకున్నవాళ్లే ఒకరినొకరు వాటేసుకుని, కామదహనం బూడిద తీసి దెబ్బలకు రాసుకుంటారు. వందేళ్లు దాటిన ఆచారమని ఊరివాళ్లు అంటారు.

ఒక ఏడాది మామ కింది పెదవి చిట్లి ఇంటికొచ్చాడు. అత్త తిట్టుకుంటూ పసుపు పెడుతోంది. నేను పక్కన కూర్చుని "ఎవరు కొట్టిండ్రు మామా?" అంటే, "మన పక్కింటాయనే బిడ్డా. నేను మెల్లగనే కొట్టిన. ఆయనే జోరుగ కొట్టిండు" అన్నాడు. తెల్లారి ఆ పక్కింటాయన చెంబు పట్టుకుని పాల కోసం వచ్చాడు. కన్ను కింద నల్లగా కమిలి ఉంది. అత్త అడిగితే ఆయనా అదే మాట. "నేను మెల్లగనే కొట్టిన వదినా, మీ ఆయనే..."

ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అప్పుడు అనుకున్నాను.

ఇప్పుడు నాకు 34 ఏళ్లు. ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌లో ఒక ఆడత్ (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. చదివింది మరాఠీ మీడియం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, అమ్మ తెప్పించుకునే వారపత్రికల్లో చదవడం రాయడం నేర్చుకున్నాను. కాబట్టి ఈ రాతలో తప్పులు కనిపిస్తే సర్దుకోండి. రెండున్నరేళ్ల కిందట రక్తపరీక్షలో షుగర్ గీత మీదికి వచ్చింది. బాపుకు ఉంది, తాతకు ఉండేది. నడవమని డాక్టర్ చెప్పాడు. నెల రోజులు నడిచి విసుగొచ్చింది. ఒంట్లో చెమట పట్టాలి, బుర్రకు కూడా పని ఉండాలి అనుకుని బాక్సింగ్‌లో పడ్డాను. పోటీలకు పోయే వయసూ కాదు, ఆ ఆశా లేదు. నాలాంటివాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆఫీసు, దుకాణం అయ్యాక గ్లవ్స్ వేసుకునేవాళ్లు. నేను చెప్పబోయేది ముఖ్యంగా వాళ్లకు. ఒక్కటే మాట: స్పారింగ్‌లో, అంటే సాధన కోసం ఇద్దరు ఎదురెదురుగా ఆడేటప్పుడు, మెల్లగా కొట్టుకోవడం పిరికితనమని ఎవరైనా అంటే నమ్మకండి. గట్టిగా కొట్టడం ఎవడికైనా వస్తుంది. మెల్లగా కొట్టడమే రాదు. అది రానంతకాలం గుద్దు కూడా రాదు.

ముందు నేను చేరింది మా జిల్లాలోనే ఒక ఊళ్లో, జిమ్ పైఅంతస్తులో. పేరు అనవసరం. రెండు వారాలు బ్యాగ్ మీద ఇష్టమొచ్చినట్టు గుద్దించారు. మూడో వారం హెడ్‌గార్డ్ తగిలించి 85 కిలోల మనిషి ముందు నిలబెట్టారు. నేను 71. "ఏం కాదు, ఆడండి" అన్నాడు నేర్పేవాడు. రెండో రౌండ్‌లో కణత మీద ఒకటి తగిలింది. పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నాకూ గర్వంగానే అనిపించింది. రాత్రి వాంతి అయింది. వారం రోజులు తలనొప్పి. దుకాణంలో ట్యూబ్‌లైట్ వెలుతురు పడక కళ్లు చికిలించుకుని కూర్చునేవాణ్ణి. ఒక రైతు పట్టీలో 4,500 రాయాల్సిన చోట 5,400 రాశాను. సేఠ్ అందరి ముందూ కేకలేశాడు. పదేళ్లలో నా చేతి నుంచి అలాంటి తప్పు పోలేదు.

ఆ సంగతి చెబితే జిమ్‌లో వచ్చిన జవాబు: "మొదట్ల గట్లనే ఉంటది, అలవాటైతది."

దీనికి అలవాటు పడటం అనేది ఉండదని తర్వాత తెలుసుకున్నాను. మెదడు కపాలం లోపల ద్రవంలో ఉంటుంది. గుద్దు పడగానే తల గిర్రున తిరుగుతుంది, లోపలిది కాస్త ఆలస్యంగా తిరుగుతుంది, ఆ సాగుడులో దెబ్బ తింటుంది. అందుకే ముఖం మీద సూటిగా తగిలినదానికంటే దవడ పక్కన తగిలి తలను తిప్పేసిన హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే గుద్దు, ఎక్కువ ప్రమాదం. బయట గాయం ఉండదు, స్కానింగ్‌లో కూడా ఏమీ కనిపించకపోవచ్చు. హెడ్‌గార్డ్ పెట్టుకున్నాం కదా అనే ధీమా కూడా వద్దు. అది కనుబొమ చిట్లకుండా, చెవి కమలకుండా కాపాడుతుంది. తల తిరగడాన్ని ఆపలేదు. మగవాళ్ల పెద్ద పోటీల్లో 2013లోనే హెడ్‌గార్డ్ తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లంతా అది లేకుండానే ఆడారు. గ్లవ్స్ సంగతీ అంతే. ఆ మెత్త ముఖ్యంగా కొట్టేవాడి చేతి కోసం. అమెచ్యూర్ బాక్సింగ్ నిబంధనల్లో తలకు దెబ్బ తగిలి బౌట్ ఆగిపోతే ఆ బాక్సర్‌ను కనీసం 30 రోజులు పక్కన పెడతారు, ఆ రోజుల్లో స్పారింగ్ కూడా చెయ్యనివ్వరు. జాతీయ స్థాయి కుర్రాడికే అంత జాగ్రత్త ఉంటే, మిర్చి దుకాణం గుమాస్తాను మూడో రోజే మళ్లీ రింగులోకి పిలిచారు. పోలేదు. కట్టిన మూడు నెలల ఫీజూ అక్కడే వదిలేశాను.

అక్కడ మానేసి ఆరు నెలలు ఊరుకున్నాను. తర్వాత నిజామాబాద్ గుర్తొచ్చింది. మాకు నాందేడ్ ఎంతో నిజామాబాద్ అంత, పెళ్లి బట్టలకైనా పెద్ద డాక్టర్‌కైనా రెండిట్లో ఏదో ఒక రైలెక్కుతాం. 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్‌ది ఆ ఊరే. రెండు కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చిన హుసాముద్దీన్‌దీ ఆ ఊరే. ఒక మోస్తరు పట్నం నుంచి ఇంతమంది వచ్చారంటే అక్కడ నేర్పడం తెలిసినవాళ్లు ఉండి ఉంటారు కదా. ఆదివారం పొద్దున రైలు, వారం మధ్యలో వీలైతే ఇంకో రోజు. బాసర దాటాక గోదావరి బ్రిడ్జి మీద అందరూ చిల్లర విసురుతుంటే నేను పళ్లకు పెట్టుకునే గమ్‌షీల్డ్ మరిచిపోయానేమోనని బ్యాగ్‌లో తడుముకుంటాను.

మేం నేర్చుకునేది పేరున్న చోటేమీ కాదు. రేకుల షెడ్డు, నాలుగు బ్యాగులు, ఒక పాత రింగు. సార్ అరవై దాటిన మనిషి. మొదటి రోజు నన్ను పిడికిలి పట్టమన్నారు. పట్టాను. చూసి, నా బొటనవేలు పట్టుకుని లాగారు. వేళ్ల పక్కన నిటారుగా పెట్టానట. "ఇట్ల పెట్టి కొడితే ఇది దేనికో తట్టుకుంటది, నువ్వు దవాఖానల తేల్తవ్."

నాలుగు వేళ్లూ గట్టిగా ముడిచి, బొటనవేలు అడ్డంగా చూపుడువేలూ మధ్యవేలూ మీదికి రావాలి. తగలాల్సింది ఆ రెండు వేళ్ల మెటికలే. వాటి వెనక ఎముకలు మణికట్టుకు బిగుసుకుని ఉంటాయి. ఉంగరంవేలు, చిటికెనవేలు వెనకవి కొంచెం కదులుతాయి, సన్నం కూడా. ఆ వైపు తగిలితే చిటికెనవేలి వెనక ఎముక మెటికకు కాస్త కింద విరుగుతుంది. డాక్టర్లు దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అని పేరు పెట్టారు గానీ, నేర్చుకున్న బాక్సర్లకంటే కోపంలో గోడలను గుద్దేవాళ్లకే అది ఎక్కువ. మా మార్కెట్‌లో ఒకాయన బాకీ రాక దుకాణం షట్టర్‌ను గుద్ది నెలన్నర కట్టుతో తిరిగాడు.

తర్వాత బ్యాండేజ్. నాలుగున్నర మీటర్ల పట్టీ. బొటనవేలికి ఉంగరంలా తగిలించి, చేతి వెనక నుంచి మణికట్టుకు మూడు చుట్లు, మెటికల మీద మూడు చుట్లు, వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటి, మళ్లీ మణికట్టు. చేతిని చాపి వేళ్లు విప్పార్చి చుట్టాలి, పిడికిలి బిగించినప్పుడు అదే బిగుసుకుంటుంది. మెత్తగా ఉండటానికే కడతారని ఇన్నాళ్లూ అనుకున్నాను. చేతిలో 27 ఎముకలున్నాయి. వాటన్నిటినీ ఒక్క మోపుగా కట్టడం దాని అసలు పని. మొదట్లో ఒక చేతికి ఐదు నిమిషాలు పట్టేది, రైల్లోనే కూర్చుని సాధన చేసేవాణ్ణి. ఎదుటి సీటు ముసలమ్మ "ఏమైంది బిడ్డా, కాలిందా?" అని అడిగింది.

ఇక గుద్దు. దీని గురించి ఎంతైనా రాయగలను, ఎందుకంటే నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.

మొదటి నెల సార్ చెప్పినదంతా కాళ్ల గురించే. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, భుజాల వెడల్పు ఎడం, వెనక మడమ కొంచెం పైకి. క్రాస్ అంటే వెనకున్న చేత్తో సూటిగా కొట్టే గుద్దు. కుడిచేతి క్రాస్ అంటే నేను కుడిచేత్తో కొట్టేది అనుకున్నాను. సార్ నా వెనక పాదం చూపించి, "బీడీ ఆర్పినట్టు నలుపు" అన్నారు. మునివేళ్ల కింది భాగం నేలకు ఆనించి మడమను బయటికి తిప్పితే మోకాలు తిరుగుతుంది, దాని వెంట తుంటి, దాని వెంట భుజం. చెయ్యి అన్నిటికంటే ఆఖరున బయల్దేరుతుంది. తగిలే క్షణం దాకా వదులుగా ఉండి, తగిలేటప్పుడు బిగుసుకుని, మళ్లీ వదులై వచ్చిన దారినే చెంప దగ్గరికి రావాలి. కొట్టేటప్పుడు ముక్కుతో చిన్నగా బుస్సుమని గాలి వదలాలి. ఇవన్నీ కలిసి కనురెప్ప పాటు. అందులో ఒక్కటి ముందుకో వెనక్కో జరిగిందా, మిగిలేది భుజం బలం మాత్రమే. రెండు నిమిషాల్లో అదీ అయిపోతుంది.

ఇది నాకు రింగులో అర్థం కాలేదు, మార్కెట్‌లో అర్థమైంది. మా హమాలీల్లో ఒక బక్కపలచటి పెద్దాయన ఉన్నాడు. మిర్చి బస్తాను కొక్కెంతో లాగి, మోకాళ్లు వంచి, తుంటిని ఒక్క విసురు విసిరితే బస్తా దానంతటదే భుజం మీదికి వచ్చినట్టుంటుంది. కొత్త కుర్రాళ్లు చేతులతో ఎత్తబోయి మధ్యాహ్నానికే నడుం పట్టుకుని కూర్చుంటారు. ఒకరోజు లెక్క ఆపి ఆయన పాదాలనే చూస్తూ కూర్చున్నాను. వెనక మడమ బయటికి తిరుగుతోంది. అచ్చం బీడీ నలిపినట్టే. "కాకా, ఇది నీకు ఎవరు నేర్పిండ్రు?" అంటే నా మొహం చూసి, "ఏది?" అన్నాడు.

నేల విడిచి సాము అని ఊరికే అనలేదు మనవాళ్లు. సాము తెలిసినవాళ్లు అన్న మాట అది.

జాబ్, అంటే ముందున్న చేత్తో సూటిగా కొట్టే గుద్దు, చూడటానికి తేలిక, నేను ఎక్కువగా తిప్పలు పడింది దాంతోనే. ఎడమ చెయ్యి సూటిగా పోవాలి, మోచెయ్యి పక్కకు రెక్కలా లేవకూడదు, చివర్లో పిడికిలి తిరగాలి, భుజం పైకొచ్చి గడ్డాన్ని కప్పాలి. పోవడం అందరికీ వస్తుంది. తిరిగి రావడమే రాదు. కొట్టిన చెయ్యి పొట్ట మీదుగా, తీరిగ్గా, పెళ్లి భోజనం చేసి వచ్చినట్టు వస్తుంది నాది. అంతసేపూ ఎడమ చెంప ఖాళీ. మూడో వారంలో సార్‌కు ఓపిక పోయింది. "నీ గార్డు ఏంది, బాబ్లీ గేటా?"

షెడ్డంతా నవ్వింది. గార్డంటే మొహానికి కాపుగా ఎత్తిపెట్టుకునే చేతులు. బాబ్లీ బ్యారేజీ మా ధర్మాబాద్ తాలూకాలోనే ఉంది, కింద పోచంపాడు ప్రాజెక్టుకు నీళ్లు రావాల్సింది అక్కణ్ణుంచే. రెండు రాష్ట్రాలు కొట్లాడుకుని 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు తెరిచే ఉంచాలి. నిజామాబాద్‌లో ఈ తారీఖులు తెలియని మనిషి ఉండడు. ఆ రోజు నుంచి నా చెయ్యి దిగినప్పుడల్లా సార్ "జులై!" అని అరుస్తారు. మహారాష్ట్రవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అందరికీ భలే సరదా.

రెండు నెలలు ఇలా గడిచాక స్పారింగ్ అన్నారు. నాకు గుండె దడ మొదలైంది, పాత తలనొప్పి గుర్తొచ్చింది. ఎదురుగా నిలబెట్టింది ఇంటర్ రెండో సంవత్సరం కుర్రాణ్ణి. 54 కిలోలు. ఇద్దరికీ 16 ఔన్సుల గ్లవ్స్. అంటే దాదాపు 450 గ్రాముల చొప్పున, పోటీలో వాడే 10, 12 ఔన్సులకంటే లావు. కుర్రాడు గమ్‌షీల్డ్ తీసి, "అన్నా, నువ్వు జాబ్ ఒక్కటే కొట్టు. నేను ఏం కొట్ట, తప్పించుకుంట అంతే" అన్నాడు.

మూడు నిమిషాల్లో ఒక్కటీ తగల్లేదు. తల ఒక బెత్తెడు పక్కకు జరుపుతాడు, నా గ్లవ్ చెవి పక్క నుంచి పోతుంది. బ్యాగ్ మీద అంత బాగా పోయే జాబ్ ఏమైందో తెలియదు. ఎదుటిది కదిలేసరికి నా కాళ్లు ఆగిపోతున్నాయి, కాళ్లు ఆగేసరికి చెయ్యి సాగుతోంది, ముందుకు తూలుతున్నాను. రెండో రౌండ్‌లో వాడు కూడా మెల్లగా జాబ్ తాకించడం మొదలుపెట్టాడు. ఈగ వాలినట్టు నుదుటి మీద, మళ్లీ నుదుటి మీద. నొప్పి లేదు గానీ ఆ తాకిడికి చెప్పలేనంత చిరాకు. పక్కన ఆడపిల్లలు తాడు ఎగురుతూ చూస్తున్నారు. నా కుడి చెయ్యి లేచింది. కాలు తిరగలేదు, తుంటి లేదు, ఒట్టి భుజం. అయినా తగిలింది. కుర్రాడు రెండడుగులు వెనక్కి పోయాడు.

సార్ ఆపేశారు. నేను అన్నమాట ఇది: "మెల్లగనే కొట్టిన సార్."

అని, నా నోటి వెంట వచ్చిన మాట నాకే మామ గొంతులా వినపడింది. నేను అబద్ధం చెప్పలేదు. నిజంగా మెల్లగానే కొట్టాననిపించింది.

దీనికి కారణం చాలా నెలల తర్వాత ఎక్కడో చదివాను. 2003లో లండన్ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం అచ్చేశారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరి వేలి మీద ఒకరు యంత్రం ద్వారా నొక్కుకోమన్నారు. షరతు ఒక్కటే. నీకు ఎంత ఒత్తిడి తగిలిందో సరిగ్గా అంతే తిరిగి ఇవ్వాలి, ఎక్కువ వద్దు. అందరూ నిజాయితీగానే ప్రయత్నించారు. అయినా ప్రతి విడతలో ఒత్తిడి సగటున 38 శాతం పెరుగుతూ పోయింది. మనం చేసే పనిలోని బలాన్ని మన మెదడే తగ్గించి చూపిస్తుందట. మన చేతులతో మనకు మనం చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వు రానిది కూడా అందుకే. ఎదుటివాడు ఇచ్చింది మాత్రం పూర్తిగా తెలుస్తుంది. కాబట్టి ఇద్దరూ "నేను మెల్లగా, వాడు గట్టిగా" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు.

నేను లెక్కలు రాసేవాణ్ణి, నూటికి 38 అని వినగానే చెయ్యి ఆగలేదు. 10తో మొదలుపెడితే 13.8, తర్వాత 19, 26, 36, ఐదో విడతకు 50. ఐదు గుద్దులు చేతులు మారేసరికి అసలుకు ఐదింతలు. ఇంత చక్రవడ్డీ మా మార్కెట్‌లో ఎంత కసాయి సేఠ్ కూడా వెయ్యడు. వేలితో నొక్కడం వేరు, గుద్దుకోవడం వేరు, శాతం అంతే ఉంటుందని నేననను. బాక్సింగ్‌లో భయం, పౌరుషం, చూసేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి అది తగ్గుతుందని మాత్రం నాకు అనిపించడం లేదు.

అందుకే "ఇద్దరూ సమానంగా కొట్టుకోండి" అనే నియమం పనిచెయ్యదు అంటాను. చాలా జిమ్ముల్లో చెప్పేది అదే, యాభై శాతం బలంతో ఆడండి అని. ఎవడి యాభై? నా లెక్కలో యాభై, వాడి చెంప మీద డెబ్బై. మా సార్‌కు ఏ ప్రయోగమూ తెలియదు, కానీ ఆయన పెట్టిన నియమం వేరు: "వచ్చినదాంట్ల సగమే తిరిగియ్యాలె." సగం ఇద్దామని గట్టిగా అనుకుంటే ఇంచుమించు సమానంగా పడుతుంది. రోజూ పిల్లలను చూసి చూసి ఆయన పట్టుకున్న లెక్క అది. నేను పత్రికలో చదివింది వివరిస్తే పూర్తిగా విని, "అయితే నువ్వు పావు ఇయ్యి. ముందు చెయ్యి ఎత్తు" అన్నారు.

బరువైనవాడికి ఈ బాధ్యత ఇంకా ఎక్కువ. పోటీలో బరువు తూచి జత కలుపుతారు, రిఫరీ ఉంటాడు, డాక్టర్ ఉంటాడు. షెడ్డులో ఆదివారం పొద్దున అవేమీ ఉండవు. ఎవరొస్తే వాళ్లతోనే ఆడాలి. 85 కిలోల ఆ మనిషి మీద నాకు కోపం లేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

దీనికి ఎదురుమాట ఉంది, బలమైనదే. మా షెడ్డులోనే రాష్ట్రస్థాయి ఆడిన ఒక తమ్ముడు అంటాడు, "మెల్లగ ఆడి ఆడి పోటీకి పోతే మొదటి గుద్దుకే బిత్తరపోతరన్నా. దెబ్బ తినుడు కూడ నేర్చుకోవాలె." వాడు చెప్పింది తప్పని నేననను. పోటీలో మూడు నిమిషాల రౌండ్లు మూడు, ఎదుటివాడు సగం సగం ఇవ్వడు. పోటీకి పోయేవాడు దానికి ముందు, సార్ కళ్ల ముందు, తన బరువువాడితో, కొన్ని గట్టి రౌండ్లు ఆడి తీరాలి. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. అసలు స్పారింగే వద్దు, ప్యాడ్స్ (ఇంకొకరు చేతులకు తొడుక్కుని పట్టే మెత్తలు) గుద్దితే చాలు అనేవాళ్లు తమను తాము మోసం చేసుకుంటున్నారు. ప్యాడ్ పట్టుకున్న మనిషి నీ గుద్దు తగిలేలా తనే చెయ్యి అడ్డం పెడతాడు. ఆ చప్పుడు విని నేను రెండు నెలలు ఎంత మురిసిపోయానో!

కానీ ఆ తమ్ముడికీ నాకూ తేడా ఒక్కచోట. దెబ్బ తినడం నేర్చుకోవాలని వాడు అంటున్నది, నా అనుభవంలో, దెబ్బను చూడటం నేర్చుకోవడం. గట్టిగా ఆడిన ఆ మొదటి జిమ్‌లో నేను నేర్చుకున్నది ఒక్కటే, గ్లవ్ వస్తుంటే కళ్లు మూసుకోవడం. భయపడ్డవాడికి అంతకంటే ఏం వస్తుంది? మూసుకున్న కళ్లతో గడ్డం ఎత్తి, చేతులు ముందుకు చాపి, వెనక్కి వెనక్కి నడిచేవాణ్ణి. బ్యాగ్ మీద నేర్చుకున్నది ఏదీ గుర్తుకురాదు ఆ క్షణంలో, చిన్నప్పుడు బడిలో కొట్లాడిన చేతులే లేస్తాయి. గుద్దు వచ్చే వేగం తగ్గితేనే కన్ను తెరుచుకుంటుంది. కన్ను తెరుచుకున్నాకే వాడి భుజం ముందు కదలడం కనిపిస్తుంది, గ్లవ్ తర్వాత వస్తుంది. ఇంటర్ కుర్రాడితో పదిహేను ఆదివారాలు ఆడాక మొదటిసారి ఆ భుజం చూశాను. గ్లవ్ నా చెవి పక్క నుంచి పోయింది. వాడు గమ్‌షీల్డ్‌తోనే నవ్వాడు.

ఎలా ఆడతామో చెబుతాను, ఎవరికైనా పనికొస్తే. కొన్ని రౌండ్లు ఎడమచెయ్యి మాత్రమే. కొన్ని రౌండ్లు తల ముట్టకూడదు, భుజాలు, పొట్ట. ఒక రౌండ్ అంతా ఒకరు కొట్టాలి, ఇంకొకరు కాచుకోవాలి, తర్వాత మారాలి. నేను బరువు కాబట్టి నాకు ఎక్కువగా కాచుకునే వంతే వస్తుంది. రౌండ్ అయ్యాక ఒకరికొకరు ఒక్క తప్పు చెప్పాలి. గెలిచింది ఎవరని అడిగితే సార్ తాడు ఎగరమంటారు, ఐదు నిమిషాలు. ఫోన్లలో కనిపించే రక్తాలు కారే స్పారింగ్ వీడియోలు ఇక్కడ ఎవరైనా చూపిస్తే కూడా అదే శిక్ష.

ఒక పిడకలవేట. మిర్చి సీజన్‌లో ఒకసారి బ్యాండేజ్‌లు దుకాణంలోనే ఉతికి గల్లా పక్కన ఆరేశాను. మిర్చి ఘాటు ఎంత దూరం పోతుందో పదేళ్లు అక్కడ కూర్చున్నవాడికి తెలియాలి కదా. ఆదివారం రెండో రౌండ్‌కు చెమట కారి, మోచేత్తో తుడుచుకోబోయి బ్యాండేజ్ కంటికి తగిలింది. అరుపు. ఏమైందన్నా అని దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకున్న కుర్రాడు తర్వాత తన కన్ను నలుపుకున్నాడు. ఇద్దరం బోరింగ్ దగ్గర పావుగంట. ఇప్పటికీ నేను రింగు ఎక్కితే ముందు నా చేతులు వాసన చూస్తారు.

ఈ హోలీకి హున్సా పోయాను. మామ లేడు, బావ ఆడాడు. తాడు దగ్గర నిలబడినవాళ్ల పాదాలే చూశాను ఎక్కువసేపు. కుడిచేత్తో తాడు పట్టుకుని ఎడమచేత్తో గుద్దేవాళ్లు కొందరు, అటుదిటు కొందరు. ఒక్క మడమా తిరగడం లేదు, తాడు వదలకూడదు కదా, ఎలా తిరుగుతుంది? ఒక చెయ్యి కట్టేసినట్టు ఉండటం వల్లే ఇన్నేళ్లుగా పెద్ద ప్రమాదాలు తక్కువేమో అనిపించింది, ఇది నా ఊహ మాత్రమే. బావ ఇంటికొచ్చి పెరట్లో మొహం కడుక్కుంటూ, నువ్వు బాక్సింగ్ నేర్చుకుంటున్నవట, ఎందుకు దిగలేదని అడిగాడు. నేను 38 శాతం సంగతి చెప్పబోయాను. అప్పటికే అక్క పసుపు తెచ్చింది. "ఎవరు కొట్టిండ్రు?" అంది. బావ పక్కింటివైపు చూపించి, తువ్వాలు అందుకుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి మూడు మాటలు నేనే అందించాను. అక్క నవ్వింది, బావకు అర్థం కాలేదు.

మొన్న ఆదివారం కుర్రాడితో మూడు రౌండ్లు ఆడాను. వాడిప్పుడు 57 కిలోలు, జిల్లా పోటీలకు పోతున్నాడు, కాబట్టి నాతో ఆడేది వాడికి సేద తీరడం లాంటిది. రెండో రౌండ్‌లో నా కుడికాలు తిరిగింది, నాకే తెలిసింది. గ్లవ్ వాడి గార్డు మీద పడిన చప్పుడు వేరుగా ఉంది. మెల్లగానే కొట్టాను. అనుమానం వచ్చి వాణ్ణే అడిగాను, ఎంతొచ్చిందని. కాసేపు ఆలోచించి, "సగంకంటే జర ఎక్కువనే అన్నా" అన్నాడు.

సార్ మూడు రౌండ్లలో నాలుగుసార్లు "జులై" అన్నారు. అంతకుముందు వారం తొమ్మిది.